మూలుగు వినిపించని వైద్యశాల

నవ్వుతూ ప్రాణం విడిచిన మనిషిని అరిందముడు అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

ఈటె దిగి చచ్చినవాళ్లను చూశాడు. కోటగోడ మీంచి జారిపడి చచ్చినవాళ్లను చూశాడు. మరాళ దేశపు ఉత్తర పొలిమేరలో ఆరేళ్లు దళపతిగా ఉన్నవాడికి చావు కొత్త కాదు. కానీ తనకు కత్తిసాము నేర్పిన గురువు వీరోజు, మోకాటి పుండు కుళ్లి, కాలు తొడ దాకా నల్లబడి, ఒళ్లు కుంపటిలా కాలిపోతూ కూడా గోడకు చేరగిలబడి చిరునవ్వులు చిందిస్తుంటే అతడికి వెన్నులో చలి పుట్టింది.

"ఎలా ఉంది గురువుగారూ?"

"దివ్యంగా ఉంది నాయనా! ధర్మవైద్యశాలకు వెళ్లొచ్చాక నొప్పి మాటే మరిచిపోయాను. రా, ఒక పట్టు పడదాం" అంటూ వీరోజు లేవబోయి బోర్లా పడ్డాడు. పడి కూడా నవ్వాడు. మర్నాడు పొద్దెక్కేసరికి ఆ నవ్వు అలాగే మిగిలి, మనిషి మిగల్లేదు.

అంత్యక్రియలు ముగించి వస్తున్న అరిందముణ్ణి మంత్రసాని పేరక్క వీధి మొగలో ఆపింది. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. మరాళపురి నగరంలో సగం మంది ఆమె చేతుల్లోకి పుట్టినవాళ్లే.

"దళపతీ, నా వృత్తి ఏమిటో తెలుసా? పుట్టిన బిడ్డ ఏడవకపోతే కాళ్లు పట్టుకుని, తలకిందులు చేసి, వీపు చరిచి ఏడిపించడం. ఏడవని బిడ్డా, మూలగని రోగీ ఇంటికి మంచిది కాదు నాయనా. ఈ ఒక్క వీధిలో ఇలా నవ్వుతూ పోయినవాళ్లు మీ గురువుతో కలిపి తొమ్మిదిమంది. అందరూ ధర్మవైద్యశాలకు వెళ్లొచ్చినవాళ్లే."

"రాజోద్యోగులెవరూ విచారించలేదా?"

"రోగం ఉందంటే కదా విచారించడానికి! అదిగో, నువ్వే విను."

మూల తిరిగి వస్తున్న దండోరావాడు డప్పు మీద మూడు దెబ్బలు వేసి గొంతెత్తాడు. "అందరూ వినండహో! హేమాంగద మహారాజుల వారి చల్లని పాలనలో సకల రోగములూ సమూలంగా నిర్మూలింపబడినవి! ఆ శుభ సందర్భమున రేపు మధ్యాహ్నం కోట ముందు ఆరోగ్యోత్సవం జరుగును! దగ్గువారు, తుమ్మువారు, కుంటువారు ఉత్సవ వీధులలో కనబడరాదహో!"

అరిందముడి కనుబొమలు ముడిపడ్డాయి. హేమాంగద మహారాజు ఎలాంటివాడో అతడికి తెలుసు. పొలిమేర యుద్ధంలో గాయపడిన ప్రతి సైనికుడి డేరాలోకీ స్వయంగా వచ్చి, కట్టు విప్పి చూసి, కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషి. ఆ మహారాజు ఇలాంటి చాటింపు వేయించడమేమిటి?

"పేరక్కా, ఆ వైద్యశాలలోకి రోగిగా వెళ్లాలి. నాకు తోడు వస్తావా?"

"తోడు లేకుండా ఏ రోగినీ రానివ్వరు. నేను నీ అత్తనని చెప్పు. కానీ నాయనా, నీ మొహంలో రోగం లేదు. ఉండు, తెప్పిద్దాం" అంటూ ఆమె కొంగు బిగించింది.

మర్నాడు తెల్లవారేసరికి దళపతి అరిందముడు మాయమయ్యాడు. అతడి స్థానంలో మాసిన గడ్డం, పసుపు రుద్దిన చెంపలు, ఉల్లిపాయ రసంతో ఎర్రబడ్డ కళ్లతో ఒక నేతగాడు కడుపు పట్టుకుని వంగి నడుస్తున్నాడు. పంచె మడతలో జానెడు బాకు మాత్రం దళపతిదే.

ధర్మవైద్యశాల! ఆహా, దాని సొగసు చెప్పాలంటే ఆదిశేషుడి నాలుకలు కూడా చాలవు. పాలరాతి గోపురాలు ఉదయపు ఎండలో వెన్నముద్దల్లా మెరుస్తున్నాయి. సింహద్వారానికి రెండు పక్కలా అమృత కలశాలు పట్టుకున్న దేవకన్యల శిల్పాలు. లోపల చంద్రకాంత శిలల మెట్లు, తామరలు విచ్చుకున్న దిగుడుబావి, పురివిప్పిన నెమళ్లు, పన్నీరు చిమ్మే చిలుక ముక్కుల గొట్టాలు. ఆ భవనాన్ని చూస్తే ఆరోగ్యవంతుడికి కూడా రోగం తెచ్చుకోవాలనిపిస్తుంది.

అరిందముడికి మాత్రం ఒకటే అనుమానం. ఇంత భవనం ముందు ఇంత పొడుగు వరస ఉంది. మూడు వందలమంది రోగులున్నారు. ఇంతమంది వస్తున్నా నగరంలో ఆరోగ్యం ఎందుకు రావడం లేదు?

మొదటి ద్వారం దగ్గర గంటం పట్టుకుని ఒక రాయసగాడు కూర్చుని ఉన్నాడు. తాటాకు మీంచి తలెత్తకుండానే అడిగాడు.

"రోగం?"

"కడుపునొప్పి అయ్యా."

రాయసగాడు గంటం కింద పెట్టాడు. "మన రాజ్యంలో కడుపునొప్పి లేదు. పోయిన పౌర్ణమికే నిర్మూలించాం."

"మరి నా కడుపులో ఉన్నదేమిటయ్యా?"

"అది అపోహ. అపోహకు చికిత్స ఇక్కడ కాదు, చెరసాలలో చేస్తారు. రాసి పంపమంటావా?"

అరిందముడి చెయ్యి పంచె మడత వైపు పోబోయింది. పేరక్క చటుక్కున అతడి మణికట్టు పట్టుకుని ముందుకు వచ్చింది.

"మా అల్లుడు ఉత్త అమాయకుడు బాబూ. అంత పెద్ద మాటలు తెలియవు. ఇంకా నిర్మూలించకుండా మిగిలిన రోగాలేవైనా ఉన్నాయా?"

"మూడున్నాయి. ఆవలింత, వెక్కిళ్లు, దురద. వెక్కిళ్లు ఈ నెలాఖరు దాకే. కావలసినవాళ్లు తొందరపడాలి."

"అయితే కడుపులో దురద అని రాయండి బాబూ."

రాయసగాడు ఒక క్షణం ఆలోచించి, తృప్తిగా తల ఊపి, రాసి పడేశాడు.

రెండో ద్వారం దగ్గర ఇంకో వరస. అక్కడ రోగి బతికే ఉన్నట్టు ఊరిపెద్ద ముద్ర కావాలి. రోగం రాకముందు బాగానే ఉండేవాడని ఇరుగుపొరుగు సాక్ష్యం కావాలి. అరిందముడి ముందు నిలబడ్డ ముసలాయన చేతికర్ర మీద గడ్డం ఆన్చి నిట్టూర్చాడు.

"నేను వచ్చింది చూపు కోసం బాబూ. ఏడు వారాలుగా తిరుగుతున్నాను. నా తాటాకు మీద ముద్ర సరిగ్గా ఉందో లేదో నన్నే చదివి చెప్పమంటున్నారు."

పేరక్క తన కొంగు ముడిలోంచి ఏదో రాగి ముద్ర తీసి చూపించింది. కాపలావాడు దాన్ని అటూ ఇటూ తిప్పి లోపలికి వదిలాడు.

"అదెక్కడిది?" అని అడిగాడు అరిందముడు గుసగుసగా.

"మా కోడలి నగల పెట్టె తాళం బిళ్ల. వాడికి చదువు రాదని వాడి పుట్టుక నాటి నుంచీ నాకు తెలుసు. కాన్పులో వాడి కాళ్లు ముందు వచ్చాయి, తల ఎప్పటికీ రాలేదు."

ఇంతలో కొమ్ముబూరలు మోగాయి. "తప్పుకోండి! తప్పుకోండి! ఆరోగ్యమంత్రి సుముఖుల వారు తనిఖీకి వేంచేస్తున్నారు!" అంటూ భటులు అందరినీ స్తంభాల వెనక్కి నెట్టారు.

సుముఖుడు పట్టుబట్టల్లో, గంధపు పూతల్లో, అరమోడ్పు కళ్లతో నడిచి వచ్చాడు. నాలుగడుగులకోసారి ఖళ్లు ఖళ్లుమని దగ్గాడు. దగ్గినప్పుడల్లా పక్కనున్న పరిచారకుడు గట్టిగా ప్రకటించాడు: "అది దగ్గు కాదు! మంత్రిగారు ప్రసంగానికి గొంతు సవరించుకుంటున్నారు!"

అరిందముడికి అప్పుడు గుర్తొచ్చింది. నెలకోసారి పొలిమేర దాటి పొరుగు రాజ్యానికి వెళ్లే మూసిన పల్లకీ ఒకటి ఉండేది. మైత్రి చర్చలని చెప్పేవారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ పల్లకీలోంచి శొంఠి కషాయం వాసన గుప్పుమనేది. లోపల ఇదే దగ్గు వినపడేది. సర్వరోగాలూ నిర్మూలించిన మంత్రి తన రోగానికి పొరుగు దేశపు వైద్యుణ్ణి చూసుకున్నాడన్నమాట!

తనిఖీ మొదలైంది. మొదటి చావడిలో పన్నెండు పందిరిమంచాలు, వాటి మీద మల్లెపువ్వుల్లాంటి దుప్పట్లు, వాటి మీద గుమ్మడికాయల్లా నిగనిగలాడే పన్నెండుగురు రోగులు. "వైద్యం ఎలా ఉంది?" అంటే "స్వర్గంలో ఉన్నట్టుంది ప్రభూ!" అని పన్నెండు గొంతులు ఒక్కసారిగా పలికాయి. మంత్రి వరండాలోకి అడుగు పెట్టగానే, వెనకవైపు నుంచి నలభై ఎనిమిదిమంది బలిష్ఠులు వచ్చి ఆ మంచాలను రోగులతో సహా ఎత్తుకుని రెండో చావడిలోకి పరుగెత్తారు. మొదటి చావడిలో అరటిపండు ఒలుస్తున్న రోగి రెండో చావడిలో దాన్ని సగం తిన్నాడు. మూడో చావడిలో అతడి చేతిలో తొక్క మాత్రమే ఉంది.

"పాపం, మంత్రిని భలే మోసం చేస్తున్నారు" అంది పేరక్క.

"మోసపోవడం లేదు" అన్నాడు అరిందముడు. "వరండాలో ప్రతి స్తంభం దగ్గరా ఆగి శిల్పాలు చూస్తున్నాడు, గమనించావా? మంచాలు చేరడానికి వ్యవధి ఇస్తున్నాడు."

ఆ సందడిలో ఇద్దరూ స్తంభాల చాటున జారుకుంటూ నాలుగో చావడి దాకా వెళ్లారు. అక్కడ మంచాలు లేవు. శిల్పాలూ లేవు. నేల మీద చాపలు, చాపల మీద మనుషులు. అసలు రోగులు.

అరిందముడు గుమ్మంలోనే నిలబడిపోయాడు. యుద్ధభూమి వెనక గాయపడినవాళ్ల డేరాలు అతడు ఎన్నో చూశాడు. అక్కడ మూలుగులతో గాలి బరువెక్కి ఉంటుంది. ఇక్కడ నాలుగు వందలమంది ఉన్నారు, ఈగ రెక్క చప్పుడు వినిపిస్తోంది. ఒళ్లంతా కాలినవాడు విసనకర్ర ఊపుకుంటూ నవ్వుతున్నాడు. జ్వరంతో పెదవులు పగిలిన తల్లి చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని నవ్వుతోంది. ఆ చంటిబిడ్డ కూడా నవ్వుతోంది.

పేరక్క ఒక కుమ్మరి పక్కన కూర్చుని అతడి మణికట్టు పట్టుకుంది. లోపల ఎముక రెండు ముక్కలై కటకటమంది.

"నొప్పిగా లేదూ నాయనా?"

"ఆనందంగా ఉందమ్మా! వైద్యశిఖామణి సర్వామయహరుల వారి దయ!"

పేరక్క అతడి చేతిని మెల్లగా చాప మీద పెట్టింది. "వీళ్లకు రోగం పోలేదు. నొప్పి ఒక్కటే పోయింది. నొప్పి లేకపోతే విరిగిన చేత్తోనే కుండలు చేస్తాడు, కుళ్లిన కాలితోనే పరుగెడతాడు. చూడు, మీ గురువుకు జరిగింది ఇదే."

మాట పూర్తికాలేదు. తెల్లటి అంగీ తొడుక్కున్న పరిచారకుడొకడు వచ్చి అరిందముడి భుజం మీద చెయ్యి వేశాడు. "కడుపులో దురద నువ్వేనా? శాంతిగృహంలోకి రా. తోడు వచ్చినవాళ్లు ఇక్కడే ఉండాలి."

శాంతిగృహం గుండ్రటి గది. గోడలకు నీలిరంగు తెరలు, నడుమ నల్లరాతి పీట, గాలిలో జాజికాయ పరిమళం. పీట పక్కన నిలబడి ఉన్నాడు సర్వామయహరుడు. మనిషి తాటిచెట్టంత పొడుగు. ముఖంలో ఒక్క ముడత లేదు, కానీ కళ్లు నూరేళ్ల ముసలివి. గొంతు విప్పితే తేనెపట్టు పిండినట్టుంది.

"కూర్చో నాయనా. భయం వద్దు. మందు లేదు, మాకు లేదు, కోత లేదు. ఒక్కసారి మూలుగు, చాలు."

అంటూ అతడు అరిందముడి నోటి ముందు తెల్లటి శంఖమొకటి పట్టాడు.

అరిందముడికి అంతా మెరుపులా వెలిగింది. నొప్పిని ఈ శంఖంలోకి లాగేస్తున్నాడు! మూలిగితే ఏమవుతుందో తెలియదు. మూలగకపోతే బయటపడిపోతాడు. కడుపు పట్టుకుని, "ఊఁ... ఊఁ..." అని తన శాయశక్తులా మూలిగాడు.

సర్వామయహరుడు శంఖాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. చిరునవ్వు మెల్లగా కరిగిపోయింది.

"ఇందులో ఏమీ పడలేదే. ఉత్త గాలి. పన్నెండేళ్లుగా మూలుగులు పడుతున్నాను, నొప్పి లేని మూలుగు నా శంఖంలో నిలవదు." అతడి వేళ్లు అరిందముడి గడ్డం పట్టుకుని ఒక్క లాగు లాగాయి. గడ్డం ఊడి చేతికొచ్చింది. "ఎవడివిరా నువ్వు?"

అరిందముడు బాకు దూశాడు. అదే క్షణంలో మాంత్రికుడు కాలితో నేల మీద ఒక రాతిని నొక్కాడు. పీట కింద నేల నోరు తెరుచుకుంది. అరిందముడు తలకిందులుగా చీకట్లోకి జారిపోయాడు.

పడిన చోట నేల తడిగా ఉంది. పైనున్న కంతలోంచి పడుతున్న వెలుగులో కళ్లు అలవాటు పడ్డాక అతడు చుట్టూ చూశాడు. కనుచూపు మేర కొయ్య అరలు. అరల నిండా శంఖాలు. వేలకొద్దీ శంఖాలు! ప్రతిదాని నోటికీ మైనంతో మూత, ప్రతిదాని మెడకూ ఒక తాటాకు ముక్క, దాని మీద ఒక పేరు. ఒక మూల కరిగించిన మైనపు కడవ పొయ్యి మీద కుతకుతలాడుతోంది. ఇంకో మూల రాతికాలువలో నీళ్లు గలగలమంటూ ఎక్కడికో పోతున్నాయి.

మెట్ల మీంచి అడుగుల చప్పుడు! ఈటెలతో ఐదుగురు భటులు దిగి వస్తున్నారు. అరిందముడు వెనక్కి తగ్గాడు. భుజం తగిలి ఒక శంఖం దొర్లి నేల మీద భళ్లున పగిలింది.

"అబ్బా! నా మోకాలు!"

అది వీరోజు గొంతు! గురువు బతికుండగా ఒక్కసారి కూడా పైకి వినిపించని మూలుగు. ఆ మరుక్షణమే అరిందముడి మోకాటిలో ఎవరో కాల్చిన చువ్వ గుచ్చినట్టయింది. అతడు కూలబడ్డాడు. ఎదురుగా ఐదుగురు భటులూ ఈటెలు వదిలేసి మోకాళ్లు పట్టుకుని "అబ్బా! అబ్బా!" అంటూ మెట్ల మీద దొర్లుతున్నారు. గురువు ఇంత బాధను మోస్తూ నవ్వాడా అనుకునేసరికి అతడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

పది ఊపిరుల సేపు ఉండి నొప్పి తగ్గింది. భటులకంటే ముందు అరిందముడే లేచి, ఒకడి ఈటె లాక్కుని, దాని వెనక కొనతో నలుగురిని వరసగా పడగొట్టాడు. ఐదోవాడు విసిరిన ఈటె గురితప్పి అరకు తగిలింది. మరో శంఖం పగిలింది. ఈసారి అందరి మణికట్లూ విరిగినంత పనైంది.

పైన నాలుగో చావడిలోంచి ఒక కేక వినిపించింది. "అమ్మో! నా చెయ్యి! నా చెయ్యి విరిగిందిరో!"

ఆ వెంటనే, ఖాళీగా ఉన్న శాంతిగృహంలోకి దూరిన పేరక్క తల నేల కంతలోంచి కనబడింది. ఆమె ముఖం ఆనందంతో వెలిగిపోతోంది. "అరిందమా! ఏం చేశావు? కుమ్మరి అరిచాడు! గుక్కపట్టి ఏడుస్తున్నాడు! ఇక బతుకుతాడు!"

అరిందముడికి విషయం బోధపడింది. శంఖం పగిలితే లోపలి నొప్పి విన్నవాళ్లను ఒకసారి కాటేసి, బతికున్న సొంతదారు దగ్గరకు వెళ్లిపోతుంది!

"పేరక్కా, చెవులు మూసుకో!" అని అరిచి, మైనపు కడవ అంచున చల్లారి గడ్డకట్టిన మైనం గిల్లి రెండు చెవుల్లోనూ కుక్కుకున్నాడు. ఈటె తిరగేసి పట్టుకుని మొదటి అర మీద ఒక్క దెబ్బ వేశాడు. తర్వాత రెండో అర. మూడో అర. శంఖాలు వడగళ్లలా రాలాయి. అతడికి ఏమీ వినపడలేదు. భటులు మాత్రం ఒకసారి పన్ను, ఒకసారి కడుపు, ఒకసారి నడుము పట్టుకుని, చివరకు అన్నీ కలిసి రావడంతో ఏది పట్టుకోవాలో తెలియక చుట్టచుట్టుకుపోయారు.

పైన వైద్యశాల హోరెత్తింది. పన్నెండేళ్లుగా ఈగ రెక్క చప్పుడు వినిపించిన చోట నాలుగు వందల గొంతులు ఒక్కసారిగా లేచాయి. "మంట! మంట!" "నా బిడ్డకు జ్వరం! ఎవరైనా చూడండయ్యా!" "మందేది? వైద్యుడేడీ?" చాపల మీంచి లేచిన రోగులు మొదటి చావడి మీద పడ్డారు. గుమ్మడికాయల్లాంటి పన్నెండుగురూ పందిరిమంచాల మీంచి దూకి, రోగమన్నది లేనివాళ్లలా గోడ దూకి పారిపోయారు. మంత్రి సుముఖుడు ఒక స్తంభాన్ని కరుచుకుని, గొంతు సవరించుకోవడం ఆపలేక, ఎర్రగా కందిపోయి కూలబడ్డాడు. అది దగ్గు కాదని చెప్పడానికి పరిచారకుడు కూడా పక్కన లేడు.

కింద, ఆఖరి అర దగ్గర అరిందముడి ఈటె గాల్లోనే ఆగిపోయింది.

ఆ అర మీద ఒకే ఒక్క శంఖం ఉంది. బంగారు తొడుగు వేసి, పట్టుదారంతో కట్టి ఉంది. అతడు తాటాకు మీద పేరు చదివాడు. హేమాంగద మహారాజు!

గాయపడ్డ సైనికుల దగ్గర కన్నీళ్లు పెట్టుకున్న మహారాజు! ఆ మనిషి అలాంటి చాటింపు ఎందుకు వేయించాడో ఇప్పుడర్థమైంది. తన నొప్పి తనకే తెలియనివాడికి ఇంకొకరి నొప్పి ఏం తెలుస్తుంది?

నీడ కదిలింది. అరిందముడు గిరుక్కున తిరిగాడు. మెట్ల మీద సర్వామయహరుడు నిలబడి పెదవులు కదుపుతున్నాడు. అతడి చేతిలో పాముతల కర్ర ఉంది. అరిందముడు ఎడమ చెవిలో మైనం మాత్రం తీశాడు.

"పగలగొట్టు, దళపతి అరిందమా! నీ పేరు పై నుంచి వినపడింది" అంటున్నాడు మాంత్రికుడు, అదే తేనె గొంతుతో. "మూడు నెలల కిందట మహారాజుకు ఎడమ రొమ్ములో నొప్పి వచ్చింది. ఆ రోజు నుంచీ అది అందులో పెరుగుతోంది. అది పగిలిందా, ఆయన ఉత్సవ వేదిక మీదే కూలిపోతాడు. రాజహంతకుడివి నువ్వవుతావు."

"ఈ పాపం ఎందుకు చేశావు?"

"నేనేం చేశాను? సుముఖుడు నన్ను కోరింది ఒక్కటే, రాజ్యంలో మూలుగు వినిపించకూడదని. రోగం తగ్గించమని పన్నెండేళ్లలో ఒక్కరూ అడగలేదు. పోగైన మూలుగులు నావి. ఇంకొక్క వెయ్యి శంఖాలు నిండి ఉంటే, వాటిని ఒక్కసారి ఊది ఏడు రాజ్యాల సైన్యాలను మోకాళ్ల మీద కూర్చోబెట్టేవాణ్ణి. నువ్వు చెడగొట్టావు. ఆ శంఖం ఇటిచ్చెయ్. రాజును నేను కాపాడతాను."

అరిందముడు శంఖాన్ని రొమ్ముకు అదుముకున్నాడు. వీడు చెప్పేది నిజమా? నిజమైతే పగలగొట్టడం హత్య. అబద్ధమైతే పగలగొట్టకపోవడం హత్య.

"పేరక్కా!" అని కేకవేశాడు. "ఏం చెయ్యమంటావు?"

కంతలోంచి జవాబు వచ్చింది. "వాడి మాట నమ్మకు నాయనా. నా మాటా నమ్మకు! నేను కాన్పులు చూసినదాన్ని, రాజుల గుండెలు చూడలేదు. కానీ ఒకటి చెబుతాను. నొప్పి రాబోయే మనిషిని ఒంటరిగా వదలకూడదు. అది పగిలేటప్పుడు ఆయన నాడి మీద ఒక చెయ్యి ఉండాలి. నన్ను అక్కడికి తీసుకుపో!"

ఆ మాటతోనే ఆమె కంతలోంచి దూకేసింది. అరిందముడు ఒక చేత్తో శంఖం, ఒక చేత్తో పేరక్క నడుము పట్టుకుని నేల మీద పడకుండా ఆపాడు. సర్వామయహరుడు కర్ర ఎత్తాడు. పాముతల కళ్లు నిప్పుల్లా వెలిగాయి. పగిలిన శంఖాల పెంకులు నేల మీంచి లేచి వేయి కత్తుల్లా గిర్రున తిరుగుతూ వాళ్ల మీదికి వచ్చాయి.

"కాలువ!" అని అరిచాడు అరిందముడు.

ఇద్దరూ రాతికాలువలోకి దూకారు. నీటి ఉరవడి వాళ్లను గడ్డిపరకల్లా లాక్కుపోయింది. నెత్తి మీద వంగిన రాతికప్పు, రెండు పక్కలా నాచు పట్టిన గోడలు. అక్కడక్కడా వీధుల్లోని బావుల గుండా పగటి వెలుగు కిందకి పడుతోంది. వెలుగుతో పాటు చప్పుడు కూడా పడుతోంది. నగరమంతా మూలుగుతోంది! ఇంటింటా, వాడవాడలా దాచిన నొప్పులన్నీ సొంతదారులను చేరుకున్నాయి. ఎవరో వేడినీళ్లు పెట్టమంటున్నారు. ఎవరో మంచం దించమంటున్నారు. దూరంగా ఆరోగ్యోత్సవపు మేళతాళాలు ఒక్కొక్కటే తడబడి ఆగిపోయాయి.

వెనక ఛపాలున ఏదో పడింది. మాంత్రికుడు విసిరిన కర్ర నీళ్లు తగలగానే ఉబ్బి, నాలుగు కాళ్లు మొలిచి, రాళ్లలాంటి వీపుతో మొసలిగా మారింది. పచ్చటి కళ్లు రెండూ నీటి మీద తేలుతూ వాళ్ల వెంటపడ్డాయి.

"ఈ కాలువ ఎక్కడ తేలుతుంది?" అని అడిగాడు అరిందముడు నీళ్లు ఉమ్ముతూ.

"కోట కందకంలో! మధ్యలో ఇనుపకమ్మీలు అడ్డం ఉంటాయి. వాటి కింద మూరెడు సందు ఉంటుందని మా ఆయన చెప్పేవాడు. ఈ కాలువ తవ్వినవాళ్లలో ఆయనొకడు. ఎప్పుడూ నిజం చెప్పేవాడు కాదనుకో!"

మొసలి ఊపిరి వాళ్ల మడమలకు తగులుతోంది. అరిందముడు ఈదుతూ శంఖాన్ని తల పక్కన ఎత్తి పట్టుకున్నాడు. మైనం తీసిన చెవికి అది ఆనుకుంది. లోపల ఎవరో సన్నగా, తెరిపి లేకుండా పిలుస్తున్నారు.

"అందులో ఏమంటున్నాడు మహారాజు?" అంది పేరక్క.

"అమ్మా అంటున్నాడు."

"అందరూ అనేది అదే నాయనా. ఊపిరి బిగబట్టు, కమ్మీలు వచ్చేశాయి" అంటూ ఆమె తడిచేత్తో అతడి తల పట్టుకుని నీళ్లలోకి ముంచింది.